ఇంటికి ఇద్దరు

కత్తక్క నోరు తెరిస్తే తిట్టు, చెయ్యి లేపితే దెబ్బ. ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెబుదామని కూర్చున్నవాళ్ళు కూడా ముందు ఎవరి పళ్ళు ఎప్పుడు రాలగొట్టిందో చెప్పుకుని, కడుపుబ్బ నవ్వుకుని, ఆ తరువాతే మంచిలోకి వస్తారు. ఆ మంచి కూడా ఎక్కువసేపు సాగదు. మళ్ళీ ఏదో ఒక తల పగిలిన సంగతి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

పాత మాంసం మార్కెట్టంటే పొడుగాటి రేకుల షెడ్డు. నడిమధ్యన నెత్తురు నీళ్ళు పోయే కాలువ, దానికి అటూ ఇటూ సిమెంటు అరుగులు, అరుగుల మీద ఇనప కొక్కేల వరస. నలభై మంది మాంసం కొట్టేవాళ్ళు. స్థలం నగరపాలికది. తాత ముత్తాతల నుంచి అక్కడే కొడుతున్నా ఒక్కరి దగ్గర కూడా కాగితం ముక్క లేదు. వాళ్ళకు ఉన్న కాగితమల్లా మాంసం కొట్టే మొద్దే. ఎవరి చింతమొద్దు ఎక్కడ నిలబడి ఉంటే ఆ చోటు వాళ్ళది. మనిషి మంచాన పడి రెండు నెలలు రాకపోయినా ఫరవాలేదు, మొద్దు ఉన్నంతకాలం ఆ చోట ఇంకొకడు కాలు పెట్టడు. మొద్దు జరిపితే మాత్రం కత్తులు లేస్తాయి.

ఆమె మొగుడు పోయింది ఆ గొడవలోనే. పక్కవాడు తన మొద్దును జానెడు ఇటు జరిపాడు. ఈయన దాన్ని జానెడు అటు తోశాడు. మూడు రోజులు ఇదే తంతు నడిచి, నాలుగో రోజు పట్టపగలు, బేరాలు నడుస్తుండగా, పొట్టలో కత్తి దిగింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. పొడిచినవాడు జైలుకు పోతే వాడి చోట వాడి అన్న వచ్చి నిలబడ్డాడు. పదిహేను రోజులయ్యాక ఆమె జుట్టు బిగించి ముడేసుకుని, మొగుడి కత్తి పట్టుకుని వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ పక్క మొద్దులో కత్తిని పిడిదాకా దించింది. దాన్ని ఊడబెరకడానికి ఇద్దరు మగాళ్ళు పట్టారు.

"జానెడు అనే మాట మళ్ళీ నా చెవిన పడిందో, ఈసారి దిగేది మొద్దులో కాదు" అంది. ఆ రోజు నుంచి ఆమె కత్తక్క. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆమెకే గుర్తుందో లేదో.

పిల్లల్లేరు. మొగుడు వదిలివెళ్ళింది ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి. ఆ మరిదిని అందరూ చిన్నోడు అనేవాళ్ళు. షెడ్డు వెనక రేకుల పంచలో, వానొస్తే మోకాళ్ళ దాకా మురికినీళ్ళు వచ్చే గదిలో, వాణ్ణి పెంచింది. కత్తి బల్లపరుపుగా తిప్పి వీపు మీద కొట్టి పెంచింది. వాడికి జ్వరమొస్తే మార్కెట్టంతటికీ జ్వరమొచ్చినంత గోల చేసేది. పదిహేనేళ్ళకే వాడికి ఎముక జాయింటు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేంత పని వచ్చింది. కానీ వాడికి ఆ పని నచ్చలేదు. ఇరవై ఏడో ఏట ఒక పొద్దున, ఎన్నిసార్లు సబ్బు రుద్దినా నెత్తురు వాసన పోవడం లేదని చెప్పి, కత్తి మొద్దు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఒక నిర్మాణ కంపెనీలో కాపలా ఉద్యోగం దొరికింది. ఇస్త్రీ చొక్కా, నడుముకు బెల్టు. కత్తక్క వెళ్ళేవాణ్ణి ఆపలేదు. వాడు వదిలిన కత్తిని మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. వాడి మీద అంత ప్రేమ ఉంది, చెప్పుకునే తీరే తెలియలేదు ఆమెకు.

వాడు వెళ్ళిన రెండేళ్ళకు నగరపాలిక మార్కెట్టు స్థలాన్ని తొంభై తొమ్మిదేళ్ళ లీజుకు ఇచ్చింది. అమ్మలేదు, లీజుకే. కంపెనీ అక్కడ ఏడంతస్తుల భవనం కట్టుకోవచ్చు. కింద దుకాణాలు, పైన ఆఫీసులు, ఇళ్ళు. దానికి రెండు షరతులు. కింది దుకాణాల్లో ముందు పాత మార్కెట్టువాళ్ళకు చోటివ్వాలి. ఇళ్ళల్లో మూడో వంతు ఆ మార్కెట్టు మీద బతికే కుటుంబాలకు తక్కువ అద్దెకు ఇవ్వాలి. ఒంటరి మనిషికి దుకాణమే వస్తుంది. ఇల్లు కావాలంటే ఇంటికి ఇద్దరైనా ఉండాలి. ఎవరెవరున్నారో నగరపాలిక గుమాస్తా వచ్చి లెక్క రాస్తాడు. ఆ జాబితాలో లేనివాళ్ళకు ఏమీ లేదు.

స్థలం లీజుకు తీసుకున్నది చిన్నోడు పనిచేసే కంపెనీయే. జాబితాలో ఎన్ని పేర్లు తగ్గితే కంపెనీకి అన్ని దుకాణాలు, అన్ని ఇళ్ళు మిగులుతాయి.

లెక్కకు వస్తున్నారని తెలియగానే మార్కెట్టువాళ్ళు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. అలాంటి పని వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. ఆ ఆలోచన కత్తక్కదే.

"పెద్దాఫీసు నుంచి మనిషొస్తున్నాడు. మన మొద్దులు చూడండి, గుంటలు పడి, ఈగలు ముసిరి! చూసి వాంతి చేసుకుంటాడు. సోమవారం ఎలాగూ కోత లేదు. అన్నీ కోతమిల్లుకు పంపి పైముఖం చెక్కిద్దాం. పరువుగా ఉండాలి."

ఒకరిద్దరు నసిగారు. ఆమె కళ్ళెర్రజేసింది. నలభై మొద్దులూ లారీ ఎక్కి మిల్లుకు పోయాయి. కొక్కేలు ఊడదీసి తోమడానికి తీసుకెళ్ళారు. అరుగులను బ్లీచింగు పొడితో మూడుసార్లు కడిగారు. అందరూ తలంటుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని పెళ్ళివారిలా గుమ్మం దగ్గర నిలబడ్డారు. గుమాస్తా వచ్చాడు. తెల్లగా మెరుస్తున్న ఖాళీ షెడ్డు చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, 'స్థలం ఖాళీగా ఉన్నది, వ్యాపారం ఏదీ జరుగుట లేదు' అని రాసుకుని, గుమ్మం దగ్గరున్న పెళ్ళివారికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మరునాడే షెడ్డు చుట్టూ కంపెనీ రేకుల కంచె లేవడం మొదలైంది. అప్పుడు గానీ తాము ఏం చేశారో వాళ్ళకు అర్థం కాలేదు. అందరూ తాత అని పిలిచే ముసలాయన, ఆయనా అక్కడ మాంసం కొట్టేవాడే, కత్తక్క మొహాన ఉమ్మేశాడు. ఆమె జీవితంలో తిరిగి కొట్టకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే. చెంగుతో తుడుచుకుని, మిల్లు నుంచి తన మొద్దును తోపుడుబండి మీద వేయించుకుని నేరుగా నగరపాలిక ఆఫీసుకు తోసుకుపోయింది. మెట్ల మీద అడ్డమొచ్చిన కాపలావాడి ముక్కు పగిలింది. అధికారి గదిలో, ఆయన బల్ల ముందు మొద్దును దొర్లించి నిలబెట్టి, ఫైళ్ళు ఎగిరిపడేలా దానిలో కత్తి దించింది.

"ఇదిగో నా కాగితం. చదువుకో."

అధికారి పిరికివాడే గాని చెడ్డవాడు కాదు. విషయమంతా విన్నాడు. కంచె పని ఆపించి, వారం తరువాత మళ్ళీ లెక్క తీయిస్తానని రాసిచ్చాడు. ఆ రోజు పదింటికి మొద్దు దాని చోట ఉండాలి, మనిషి మొద్దు దగ్గర ఉండాలి. ఏది లేకపోయినా పేరు ఎక్కదు.

మొద్దులన్నీ మిల్లు నుంచి తిరిగొచ్చి వాటి చోట్ల నిలబడ్డాయి. ఆ వారమంతా తాత ఆమె చెవిలో పోరుతూనే ఉన్నాడు. "ఉమ్మేసినందుకు నన్ను ఏమన్నా అను. కానీ నీకు ఇల్లు రావాలంటే ఇద్దరుండాలే. చిన్నోడి దగ్గరికెళ్ళు. వదిన అడిగితే కాదంటాడా?"

"వెళ్ళినోడే రావాలి. నేను పోయి వాడి కాళ్ళు పట్టుకోను."

చిన్నోడు వచ్చాడు. లెక్కరోజు పొద్దున తొమ్మిదిన్నరకు, పన్నెండు మంది కంపెనీ మనుషులతో కలిసి వచ్చాడు.

వాళ్ళ చేతుల్లో గడ్డపారలు, పెట్రోలు డబ్బాలు ఉన్నాయి. ఏళ్ళ తరబడి కొవ్వు తాగిన మొద్దుకు నిప్పంటితే ఆరదు. ఆ సంగతి చిన్నోడే చెప్పి ఉంటాడు, బయటివాళ్ళకు తెలిసే అవకాశం లేదు. మొదటి మొద్దు భగ్గుమంది. ఆర్పబోయిన తాత నెత్తి మీద గడ్డపార పడింది. ముసలాయన కాలువలోకి బోర్లా పడితే నీళ్ళు కొత్త నెత్తురుతో ఎర్రబడ్డాయి. ఆ తరువాత ఎవరు ఎవరిని కొట్టారో చెప్పడం కష్టం. మార్కెట్టువాళ్ళు కూడా తక్కువ తినలేదు. మాంసం కొట్టి బతికేవాళ్ళ మీదికి గడ్డపారలతో రావడం తెలివైన పని కాదు. ఒకడి మోకాలిచిప్ప రెండైంది. ఇంకొకణ్ణి కొక్కేనికి చొక్కాతో సహా తగిలించి, వాడు గిలగిలా కొట్టుకుంటుంటే ముగ్గురు వంతులేసుకుని గుద్దారు. కత్తక్క ఎడమ చేత కొక్కెం, కుడి చేత కత్తి పట్టుకుని తన మొద్దు ముందు నిలబడింది. మొదటివాడు దగ్గరికి వచ్చీ రాగానే కొక్కెం వాడి భుజంలో దిగింది. లాగితే కండతో సహా వచ్చింది. వాడి అరుపుకు రెండోవాడు ఆగిపోయాడు. ఆగినవాణ్ణి కత్తి వెనక వైపుతో దవడ మీద కొట్టింది.

పొగలోంచి చిన్నోడు వచ్చాడు. చేతిలో పెట్రోలు డబ్బా. ఇస్త్రీ చొక్కా ఇంకా నలగలేదు.

"వదినా, పక్కకి జరుగు. నీ ఒంటి మీద దెబ్బ పడనివ్వమని మాట తీసుకునే వచ్చాను. మొద్దు ఒక్కటి వదిలెయ్. నిన్ను నేను చూసుకుంటా."

"నువ్వు నన్ను చూసుకుంటావా? ముందు ఆ తాతని చూడరా, కాలవలో ఎట్లా పడున్నాడో!"

వాడు అటు చూడలేదు. "వినవేం వదినా? వీళ్ళు ఊరుకోరు. కంపెనీ మేనేజరు ఒక్క పేరు కూడా ఎక్కకూడదన్నాడు."

"మొద్దు మీద చెయ్యెయ్యి. వేసి చూడు."

వాడు వేశాడు. పక్కకు దొర్లించుదామని కుడి అరచెయ్యి దాని అంచున ఆనించి తోశాడు.

కత్తి పడింది. కావాలని కొట్టిందా అంటే ఆమె దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఇరవై ఏళ్ళుగా మొద్దు మీద ఏది పెడితే దాన్ని కొట్టిన చెయ్యి అది. మూడు వేళ్ళు మొద్దు మీద మిగిలాయి. చెయ్యి వెనక్కి పోయింది. చిన్నోడు వేళ్ళ వైపు, తన చేతి వైపు, వదిన వైపు మార్చి మార్చి చూసి అరుగు మీద కూలబడ్డాడు.

అప్పుడే ఈల వినిపించింది. గుమాస్తా ఇద్దరు పోలీసులతో వచ్చాడు. గడ్డపారలతో వచ్చినవాళ్ళంతా వెనక గేటు నుంచి పరుగో పరుగు. పడిపోయిన చిన్నోణ్ణి దాటుకుంటూ పోయారే తప్ప ఒక్కడు కూడా లేవదీయలేదు. వాడు తలెత్తి వాళ్ళ వీపులు చూశాడు.

గుమాస్తా మొహం సున్నం కొట్టినట్టయింది. అయినా జాబితా తీశాడు. ఆరు మొద్దులు కాలిపోయాయి, ముప్పై నాలుగు నిలబడి ఉన్నాయి. కాలినవి కూడా నిలబడి కాలుతున్నాయి కాబట్టి వాటినీ రాశాడు. ఆ మాత్రం ధైర్యం చేసినందుకు ఆ మనిషికి చేతులెత్తి మొక్కాలి. కత్తక్క దగ్గరకు వచ్చేసరికి మొద్దు మీద ఏముందో చూసి కళ్ళు తిప్పుకున్నాడు.

"ఈ అబ్బాయిని ఎవరు నరికారు?" పోలీసు అడిగాడు.

కత్తక్క నోరు తెరిచేలోపు చిన్నోడే చెప్పాడు. "ఎవరూ నరకలేదు సార్. మాంసం కొడుతుంటే తప్పి పడింది."

"కుటుంబంలో ఎంతమంది?" అని గుమాస్తా ఆమెను అడిగాడు.

ఆమె పళ్ళు బిగించింది. ఒక్క మాట చాలు. వేళ్ళు నరికి, వాడు నావాడని ఏ నోటితో అంటుంది? పెన్ను కాగితం మీద ఆగి ఉంది. చెంగు చింపి చిన్నోడి చేతికి బిగించి కడుతోంది.

"ఇద్దరం సార్" అన్నాడు చిన్నోడు. "నేను మరిదిని."

"కంపెనీ చొక్కా వేసుకున్నావు. ఈమెతో కలిసే ఉంటున్నావా?"

చిన్నోడికి నవ్వొచ్చింది. నొప్పికి కళ్ళనీళ్ళు కారుతుండగానే నవ్వాడు. "ఇంట్లోవాళ్ళు కాకపోతే నన్ను ఇంత చనువుగా ఎవరు నరుకుతారు సార్? రాసుకోండి."

గుమాస్తా రాసుకుని చిన్నోడి ఎడమ చేతి వేలిముద్ర అడిగాడు. బొటనవేలు నిండా నెత్తురు. నెత్తురు ముద్ర చెల్లదన్నాడు. జేబురుమాలుతో తనే తుడిచి, సిరా అద్ది, కాగితం మీద నొక్కించాడు.

చిన్నోణ్ణి ఆసుపత్రిలో చేర్పించారు. తాత అదే ఆసుపత్రిలో ఆ సాయంత్రం పోయాడు. రెండు రోజులు కత్తక్క మరిది మంచం పక్కనే స్టూలు మీద కూర్చుంది. "కొత్త ఇంటికి కిటికీలుంటాయా వదినా?" అని వాడు ఒకసారి అడిగాడు. "కిటికీల్లేకుండా కట్టడానికి అదేమన్నా గాదె అనుకున్నావా, వెధవా" అంది. ఆ ఇంటి గురించి వాళ్ళు అనుకున్నది అంతే. మూడో రోజు మధ్యాహ్నం, పోస్టుమార్టం అయ్యాక, ఆమె తాత దహనానికి వెళ్ళి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. కంపెనీవాళ్ళు వచ్చి, పెద్ద ఆసుపత్రిలో చూపిస్తామని వ్యానులో ఎక్కించుకుపోయారని తుడిచే ఆవిడ చెప్పింది.

పెద్ద ఆసుపత్రిలో వాడు లేడు. ఏ ఆసుపత్రిలోనూ లేడు.

ఆ వ్యాను డ్రైవరును పట్టుకోవడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. మంగలి షాపులో కుర్చీలో ఉండగా, మొహం నిండా సబ్బు నురగతో ఉండగా, జుట్టు పట్టి మార్కెట్టు దాకా ఈడ్చుకొచ్చింది. దారి పొడుగునా జనం చూశారు. ఒక్కరూ అడ్డం రాలేదు. వాడి చెయ్యి మొద్దు మీద పెట్టించింది.

"ఎక్కడ?"

"నాకేం తెలీదక్కా..."

కత్తి వాడి చిటికెన వేలికి వెంట్రుకవాసిలో దిగింది.

"ఏట్లో అక్కా! ఇసుక తోడే గుంటలో. రాళ్ళు కట్టి... నేను బండి తోలానంతే. మేనేజరు దగ్గరుండి చేయించాడు. ముసలోడి చావు కేసులో చిన్నోడు మా మీద నోరు విప్పుతాడన్నాడు. అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆమె రెండోసారి కత్తి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలా ఉండగానే ఆమెకు ఏడుపొచ్చింది. అందరి ముందూ, షెడ్డు దద్దరిల్లేలా, గుండెలు బాదుకుని ఏడ్చింది. డ్రైవరు ఆ సందులో పారిపోయాడు. ఆ ఊళ్ళో మళ్ళీ కనపడలేదు.

మరునాడు పోలీసుస్టేషన్లో శవం ఏదన్నారు. ఇసుక గుంటలు నలభై ఉన్నాయి, ఏటి నీళ్ళు పొంగుతున్నాయి. చంపారని ఫిర్యాదు రాసిస్తే వెతుకుతాం అన్నారు. రాయించడానికి కూర్చున్నచోటికి గుమాస్తా పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, కాస్త ఆలోచించుకో. వాడు చచ్చాడని నువ్వు రాసిచ్చిన నిమిషం జాబితాలో నువ్వొక్కదానివే. ఇల్లు పోతుంది. కంపెనీ నీ మీద అభ్యంతరం వేసింది. రెండో మనిషి లేడంటోంది. రేపే విచారణ."

"మా వాణ్ణి చంపినోణ్ణి వదిలెయ్యమంటావా?"

"నేనేమీ అనను. డ్రైవరు లేడు, శవం లేదు. కేసు నిలుస్తుందని నేను చెప్పలేను. ఇల్లు పోతుందని మాత్రం చెప్పగలను."

ఫిర్యాదు కాగితం ఆమె ముందే ఉంది. మేనేజరును చంపెయ్యాలని ఉంది ఆమెకు. మనసులో ఆ సరికే నాలుగైదుసార్లు చంపింది కూడా. కానీ చిన్నోడు మూడు వేళ్ళు పోయాక, నెత్తురోడుతూ కూర్చుని, ఇద్దరం అన్నాడు. ఆ మాటకే ప్రాణం పోయింది. ఇప్పుడు తన నోటితో ఒక్కదాన్నే అంటే, వాడు దేనికి చచ్చినట్టు? ఫిర్యాదు రాయించకుండానే లేచి వచ్చేసింది.

విచారణ అధికారి గదిలో జరిగింది. కాపలావాళ్ళు ఆమె చెంగు దులిపి, సంచి వెతికి, కత్తి లేదని రూఢి చేసుకున్నాకే లోపలికి పంపారు. ఎదురు కుర్చీలో మేనేజరు కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. అంత దగ్గరగా వాడి మెడ చూస్తూ కూర్చోవడం కంటే నరకం లేదు.

"మీ కుటుంబంలో రెండో వ్యక్తి ఎక్కడ?" అన్నాడు అధికారి.

"పనికెళ్ళాడు."

"ఎక్కడికి?"

"కూలి పని సార్. ఇవాళ ఒకచోట, రేపు ఒకచోట. మాకు చెప్పి వెళ్తాడా?"

మేనేజరు నవ్వాడు. "అబద్ధం సార్. ఆ మనిషి అసలు లేడు. ఈవిడకి కూడా తెలుసు."

కత్తక్క వాడి వైపు తిరిగింది. గొంతు లేపలేదు. ఆమె గొంతు లేపకుండా మాట్లాడడం ఆ గదిలో ఎవరూ ఎరగరు.

"లేడా? మరి ఎక్కడున్నాడు? నాకు తెలీదు, మీకు తెలిసినట్టుంది. ఎప్పుడు పోయాడు, ఎట్లా పోయాడు, శవం ఎక్కడుంది? చెప్పండి బాబూ. సార్ రాసుకుంటారు. నేనూ ఇక్కడే సంతకం పెడతా."

మేనేజరు కాలు మీద కాలు తీసేశాడు. గుమాస్తా పెన్ను ఎత్తి పట్టుకుని వాడి వైపే చూస్తున్నాడు.

"అభ్యంతరం ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు అధికారి.

"లేదు" అన్నాడు మేనేజరు.

భవనం లేచి తొమ్మిదేళ్ళయింది. కింద దుకాణంలో కత్తక్క కొడుతుంది. మూడో అంతస్తులో రెండు గదులు, రెండు కిటికీలు. లీజు స్థలం కాబట్టి ఏడాదికోసారి నగరపాలిక నుంచి తనిఖీకి వస్తారు. ఇంట్లో జాబితా ప్రకారం మనుషులున్నారో లేదో చూసి రాసుకుంటారు. పాత గుమాస్తా రిటైరయ్యాడు. ఇప్పుడొచ్చే అమ్మాయికి ఈ కథలేవీ తెలియవు. తలుపు దగ్గర నిలబడి కాగితం చూసి అడుగుతుంది, రెండో మనిషి ఏరండీ అని.

"పనికెళ్ళాడమ్మా" అంటుంది కత్తక్క. ఆ రోజు ఆమె దుకాణం తెరవదు.